పద్దెనిమిది మందికి ఒక్క బోర్డు

ప్రాసెసర్ మీది ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. రెండు సెకన్ల తర్వాత మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. మానిటర్ నల్లగానే ఉంది. శశికళ స్విచ్చి ఆపి, లోపల మిగిలిన కరెంటు దిగిపోయేదాకా పది లెక్కపెట్టి, మళ్ళీ వేసింది. అదే తంతు.

బల్ల చుట్టూ పద్దెనిమిది మంది నిలబడి చూస్తున్నారు. తిరుత్తణిలో అరక్కోణం రోడ్డు మీద, మిఠాయి అంగడి పైన, రేకుల కప్పు కింద ఉంది ఆ కంప్యూటర్ హార్డ్‌వేర్ ట్రైనింగ్ సెంటర్. గోడల నిండా మదర్‌బోర్డులే. అవన్నీ చచ్చినవి. పట్టాభిరామ్‌లో పాతసామాన్లవాడి దగ్గర కిలోల లెక్కన కొనుక్కొచ్చి, చేరడానికి వచ్చేవాళ్ళు చూసి నోరు తెరవాలని మేకులతో కొట్టి పెట్టినవి. ప్రాణమున్న బోర్డు ఒక్కటే, బల్ల మీద ప్లైవుడ్ పలకకి బిగించి ఉన్నది. దాన్నే వంతులవారీగా విప్పుతారు, బిగిస్తారు. శనివారం పరీక్ష కూడా దాని మీదే. చెన్నై నుంచి ఎగ్జామినర్ వచ్చి కూర్చుంటే, ఒక్కొక్కరూ ప్రాసెసర్, మెమరీ, వైర్లు అన్నీ ఊడదీసి, తిరిగి అమర్చి, తెర మీద అక్షరాలు తెప్పించాలి. ఆ రోజు బుధవారం.

"ర్యామ్ సరిగ్గా కూర్చోలేదేమో మేడమ్," అంది తనుశ్రీ. తిరువళ్ళూరు నుంచి శశికళతోపాటు అదే రైల్లో వచ్చే పిల్ల.

శశికళ మెమరీ కార్డు తీసి, దాని బంగారు పళ్ళని రబ్బరుతో రుద్ది, రెండు కొసలా కొక్కేలు 'టిక్కు'మనేదాకా నొక్కింది. ఫలితం లేదు. రూపాయి బిళ్ళంత బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టింది. లావుపాటి పవర్ వైరు ఊడదీసి గుచ్చింది. ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగింది.

ఆరు నెలలుగా వాళ్ళకు తను నేర్పిన వరసే ఇది. చేరిన మొదటి వారం ఆమె ఎవర్నీ నోటుపుస్తకం తెరవనివ్వదు. ముందు కిటికీ ఊచ పట్టుకోమంటుంది, ఒంట్లోని కరెంటు దిగిపోవాలని. తర్వాత కళ్ళు మూసుకొని బోర్డుని వేళ్ళతో తడమమంటుంది. పొడుగ్గా గాడి తగిలితే మెమరీది. డబ్బాల్లా నిలబడ్డవి కెపాసిటర్లు. రెక్కలు రెక్కలుగా తగిలే అల్యూమినియం దిమ్మె వేడిని లాక్కునేది. నడుమ నలుచదరంగా ఉన్న సాకెట్టు దగ్గరికి వేలు వచ్చేసరికి మాత్రం గభాలున చెయ్యి పట్టుకుంటుంది. "ఇది ప్రాసెసర్ కూర్చునే చోటు. వెయ్యికి పైగా పిన్నులు ఉండాయి లోపల. ఒక్కటి వంగినా అంతే. దీన్ని మాత్రం కళ్ళతోనే ముట్టుకోవల్ల," అంటుంది. అట్లా నేర్చుకున్నవాళ్ళు జన్మలో మరిచిపోరని ఆమె గర్వం. గర్వానికి తగ్గ పనే చేసేది కూడా, అది కాదనలేం.

పండగ ముందు శనివారం దాకా బోర్డు నిక్షేపంలా పనిచేసింది. సోమవారం ఆయుధపూజ, మంగళవారం సెలవు. బల్ల కింద ఇంకా రెండు మూడు బొరుగులు కనిపిస్తున్నాయి. గడప దగ్గర బూడిద గుమ్మడికాయ పగలగొట్టిన చోట కుంకుమ మరక పూర్తిగా పోలేదు. శశికళ తలెత్తి గుంపు వెనక నిలబడ్డ మునిలక్ష్మిని చూసింది.

మునిలక్ష్మి కూడా విద్యార్థే. వయసు ముప్ఫై తొమ్మిది. ఫీజుకు బదులు రెండు పూటలా గది ఊడ్చి తుడుస్తుంది. చీపురు తలుపు వెనక పెట్టి, చేతులు కడుక్కొని వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది.

"అక్కా, నిన్న గది తుడిచింది నువ్వే కదా?"

"అవును మేడమ్."

"పూజ దగ్గర్నుంచి బోర్డు తీసి ఈడ పెట్టింది?"

"నేనే."

"తడిగుడ్డ ఏమన్నా తగిలించినావా? తడిచెయ్యి?"

మునిలక్ష్మి ఆమె కళ్ళలోకి తిన్నగా చూసింది. "లేదు మేడమ్," అంది. ఇంకొక్క మాట కలపలేదు.

ఈలోగా లోపలి గదిలోంచి ద్వారకనాథ్ వచ్చాడు. సెంటరు ఆయనదే. పళ్ళిపట్టు దగ్గర మామిడితోటలున్న ఇంటివాడు. తోటలో కూలీలను పిలిచినట్టే ఇక్కడా పిలుస్తాడు.

"ఏంది, ఏమాయ?"

"బోర్డు ఆన్ కాలేదు సార్," అంది శశికళ.

"నిన్న తాళంచెవి నీ దగ్గిరే కదా ఉండింది?" అన్నాడు ఆయన, తిన్నగా మునిలక్ష్మితో. "ఊడ్చేదాన్ని తెచ్చి క్లాసులో కూర్చోబెడితే ఇట్లే ఉంటాది. బ్యాగు ఎత్తుకో. శనివారం నువ్వు రావద్దు. లిస్టులో నీ పేరు తీసెయ్యమని చెప్తా."

"సార్, నేను ఏమీ చెయ్యలేదు. సోమవారం గుమ్మిడిపూండి కంపెనీలో ఇంటర్వ్యూ ఉండాది. ఈ సర్టిఫికెట్టు లేకుంటే గేటు కూడా దాటనియ్యరు. వచ్చే నెలకి నాకు నలభై నిండుతాయి. ఆ పైన వాళ్ళు తీసుకోరు."

"ఆ బుద్ధి ముందరే ఉండల్ల."

మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. మిగతా పదిహేడు మందిలో, భూములున్న ఏ మిరాసుదారు కొడుకునో ఆ మాట అనమనండి చూద్దాం. మునిలక్ష్మి బ్యాగు తీసుకుంది. తలుపు దగ్గర ఆగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు కింద మిఠాయి అంగడి గోలలో కలిసిపోయింది.

శశికళ చరచరా లోపలి గదిలోకి వెళ్ళింది. ఒళ్ళంతా మండుతోంది.

"ఆమె చేసిందని సాక్ష్యం యాడుంది సార్? చూసినారా మీరు?"

"సాక్ష్యమా?" ద్వారకనాథ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అందరి ముందరా ఆమెను నిలబెట్టి అడిగింది నువ్వు కదమ్మా. నేను ఈడ కూర్చొని వినింది అదే."

ఆమె గిరుక్కున తిరిగి బయటికి వచ్చేసింది. కోపం ఇంకా పెరిగింది.

ఆ సాయంత్రం రైల్లో తిరువళ్ళూరు దాకా ఆమె ద్వారకనాథ్‌ను తిడుతూనే ఉంది, పైకి కాకపోయినా. పద్దెనిమిది మందికి ఒక్క బోర్డు పెట్టినవాడు. ముప్ఫైయేళ్ళ నాటి చార్టు గోడకు తగిలించి దాన్నే పాఠం అనేవాడు. నోరులేని మనిషి కనబడగానే మీద పడ్డవాడు. తనుశ్రీ పక్కన కూర్చొని ఏదో అడిగితే, "గమ్మునుండు పాపా, తల నొస్తా ఉండాది," అంది. ఆ పిల్ల ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ చూపు తప్పించుకోవడంలో తన మీద కూడా ఏదో నింద ఉందని శశికళకు అనిపించకపోలేదు, కానీ ఆ ఆలోచన దగ్గర ఆమె ఆగలేదు.

గురువారం ఆమె ఒక రైలు ముందే వచ్చింది. మునిలక్ష్మి తప్పు లేదని రుజువు చెయ్యాలి, ఆ రుజువు తీసుకుపోయి ద్వారకనాథ్ ముఖాన కొట్టాలి. అంతే ఉంది మనసులో. నీళ్ళు తగిలి ఉంటే బోర్డు అడుగున మరకలుంటాయి, రాగి గీతల దగ్గర పచ్చగా తుప్పు లేస్తుంది. కిటికీ దగ్గర బల్ల వేసుకొని, భూతద్దం పట్టుకొని, అడుగంతా వేలు వెడల్పు చొప్పున వెతికింది. మరక లేదు, తుప్పు లేదు. శుభ్రంగా ఉంది. ఆమెకు ఉత్సాహం వచ్చింది. పైభాగం కూడా చూసేస్తే సరిపోతుందని ఫ్యాను విప్పింది, ప్రాసెసర్ని పట్టి ఉంచే లివరు ఎత్తి దాన్ని బయటికి తీసింది.

ప్రాసెసర్ అడుగున బంగారు చుక్కల వరసల మీద ఒక మూల గోధుమరంగు మరక. శశికళ సాకెట్టులోకి భూతద్దం దించింది. పిన్నుల మధ్య ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది. దాని చుట్టూ కొన్ని పిన్నులు పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి, గట్టిదాని మీద ప్రాసెసర్ పెట్టి లివరు నొక్కినట్టు. నొక్కింది ఎవరో చెప్పక్కర్లేదు. బుధవారం పొద్దున సాకెట్టులోకి చూడకుండా, అలవాటు చేత, మాట్లాడుతూ మాట్లాడుతూ నొక్కింది తనే.

దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి ఆ ఎర్రదాని మీద తాకించింది. రంగు అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. స్పిరిట్ ఘాటు ఆరిపోయాక, దాని వెనక నుంచి పన్నీరు కలిపిన గంధం వాసన వచ్చింది.

సోమవారం పూజలో బోర్డుని సరస్వతి పటానికి ఆనించి నిలబెట్టారు. బొట్టు పెట్టడానికి గుణ అనే అబ్బాయి చెయ్యి చాచితే, "ఎవరూ ముట్టుకోవద్దు. చోటు తెలీకుండా పెడితే పాడైపోతాది. నేను పెడతాను," అంది శశికళ. సాకెట్టుకి పైన ఉన్న రెక్కల దిమ్మె మీద, లోహమే కదా ఏమీ కాదని, ఉంగరపు వేలితో గంధం, దాని మీద కుంకుమ పెట్టింది. అందరూ నేర్చుకోవాలన్నట్టు చూపించి మరీ పెట్టింది. బోర్డు పడుకోబెట్టి ఉంటే అది ఎక్కడ పెట్టింది అక్కడే ఎండిపోయేది. నిలబెట్టిన బోర్డు మీద పలచటి గంధం ఎటు పోతుందో చిన్నపిల్లని అడిగినా చెప్తుంది. ప్రాసెసర్ ఎవరైనా ఎత్తుకుపోతారని ద్వారకనాథ్ దాన్ని రోజూ తన బీరువాలో పెట్టి తాళం వేస్తాడు, సాకెట్టు మూత ఎప్పుడో పోయింది. కాబట్టి ఆ నోరు తెరుచుకొనే ఉంది.

గురివింద గింజకు తన కింది నలుపు కనబడదట. శశికళకు ఇప్పుడు కనబడింది. నిన్నటి నుంచి ద్వారకనాథ్ మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. ఆ కోపంలో సగానికి పైగా తన మీద తనకు రావలసింది. రానివ్వకుండా ఇంకొకడి మీదికి తోలింది.

ఒక ఆలోచన రాలేదని కాదు. స్పిరిట్‌తో కడిగేసి, పిన్నులు సరిచేసి, బోర్డు బాగైపోయిందంటే ఎవరూ అడగరు. దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోవచ్చు. సూది తీసుకొని ఒక పిన్నుని లేపబోయింది కూడా. మొన జారి అది ఇంకా వంగింది. ఆమె సూది కింద పెట్టి, ద్వారకనాథ్ గదిలోకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఆయన విన్నాడు. లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇది ఇంగ ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"చెప్పద్దు. చెన్నైలో అడిగితే ఆ మాడలు ఇప్పుడు దొరకదన్నారు. నువ్వు గమ్మున రిపేరి చెయ్యి, శనివారం గడిచిపోతే చాలు."

"మునిలక్ష్మి అక్క పేరు, సార్?"

"నిన్ననే మెసేజి పెట్టేసినా. తీసేసినారు. ఆయమ్మని వచ్చే బ్యాచిలో కూర్చోబెడదాం. ఆమెకేం, ఎప్పుడు రాస్తే ఏం?"

"వచ్చే నెలకి ఆమెకి నలభై..."

"శశికళా." గొంతు తగ్గించాడు. అది ఆయన దయ చూపే గొంతు. "టీచరే బోర్డు చెరిపిందంటే ఈ సెంటరుకు ఎవరొస్తారు చెప్పు? ఊడ్చే మనిషి చెరిపిందంటే ఎవరూ ఏమీ అనుకోరు. అది సహజం."

నిజం చెప్తే నెత్తిన పిడుగు పడుతుందని బయల్దేరింది శశికళ. ఇక్కడ నిజం ఎవరికీ అక్కర్లేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాపాడాడు, ఇంకొకళ్ళని తొక్కి. సహజం అన్న ఆ మాట బుధవారం పొద్దున తన మనసులోనూ ఉంది కాబట్టే తల తిన్నగా మునిలక్ష్మి వైపు తిరిగింది.

మధ్యాహ్నం ఆమె పొదటూరుపేట బస్సెక్కింది. ఊరికి ముందు స్టాపులో దిగి, మునిలక్ష్మి ఇల్లు యాడ అని ఇద్దర్ని అడిగింది. మరమగ్గాల చప్పుడు వీధంతా ఒకటే మోత. మునిలక్ష్మి వసారాలో కూర్చొని కండెలు చుడుతోంది. ఒక చేత్తో దారం పట్టుకొని, ఇంకో చేత్తో చక్రం తిప్పుతూ, దారం ఎక్కడ పలచబడితే అక్కడ వేళ్ళతోనే పసిగడుతోంది. శశికళని చూసి చక్రం ఆపలేదు.

"కూర్చోండి మేడమ్."

శశికళ గట్టు మీద కూర్చుంది. "అక్కా, బోర్డులో పడింది గంధం. నేను పెట్టిన బొట్టే."

"తెల్సు."

చక్రం అదే వేగంతో తిరుగుతోంది.

"ఎట్లా తెల్సు?"

"ఆ పొద్దు హారతి పళ్ళెం పట్టుకొని మీ పక్కన నిలబడుకొని ఉండింది ఎవరు? అది కారతా ఉంటే చూసినాను. తుడుద్దామని చెయ్యి పెడితే, ఎవరూ ముట్టుకోవద్దంటి కదా అని నన్ను చూసి అంటిరి. సరి, టీచరుకి తెలీకుండా ఉంటాదా అనుకున్నా. మర్నాడు పైన ఎండిపోయిండేది బ్రష్షుతో దులిపినాను. లోపలికి పొయ్యిందని నాకు మాత్రం ఏం తెల్సు?"

"నిన్న చెప్పాల్సింది కదా అక్కా నువ్వు."

మునిలక్ష్మి అప్పుడు చక్రం ఆపింది.

"ఎవరికి చెప్పేది? ఆ సారుకా? ఊడ్చేదాని మాట నిలబడతాదా, మీ మాట నిలబడతాదా? మిమ్మల్ని కాపాడాలని గమ్మున ఉండినాననుకోవద్దండి. నాకు కోపం వచ్చి నోరు రాలేదు." దారం తెగిన కొసను నోటితో తడిపి ముడేసింది. "ఎనిమిదేండ్లు ఫోను కంపెనీలో భూతద్దం కింద పనిచేసినాను. ఆరు నెలలు మీ ముందర కూర్చున్నాను. మీరడిగిన ఒక్క ప్రశ్న తప్పలేదు. కరెంటు వస్తువు మింద తడిగుడ్డ వెయ్యగూడదని నాకు తెలీదనుకున్నారా మీరు? ఆ సారు అన్నాడంటే ఆయన అట్లాంటోడు. మీరు ముందర అడిగినారు. ఆయన తర్వాత."

మగ్గాల మోతలో ఆ మాటలు పెద్దగా అరవకుండానే స్పష్టంగా వినబడ్డాయి. శశికళ తల దించుకుంది. "తప్పు నాదే అక్కా. నన్ను మన్నించు," అంది.

"ఈడ, నాకొక్కదానికి చెప్తే ఏం ప్రయోజనం? అడిగింది అందరి ముందర కదా."

"రేపు చెప్తాను. వస్తావా?"

"వస్తా," అంది మునిలక్ష్మి. "చెప్తారో లేదో చూసేదానికి వస్తా."

శుక్రవారం పొద్దున ఎవరూ గది ఊడవలేదు. మునిలక్ష్మి వచ్చి, చీపురు వైపు పోకుండా, తిన్నగా ముందు వరసలో కూర్చుంది. ద్వారకనాథ్ తన గది గుమ్మంలోంచి ఆమెను చూశాడు, శశికళ వైపు చూశాడు. ఏమీ అర్థంకాని ముఖంతో అక్కడే నిలబడ్డాడు.

శశికళ బోర్డుని బల్ల మధ్యలో పెట్టింది. పాఠం మొదలుపెట్టే మొదటి మాట రావడానికి ఇంత కష్టపడటం ఆమెకు కొత్త.

"అందరూ దగ్గరికి రాండి. ఒకరి తర్వాత ఒకరు భూతద్దంలో సాకెట్టు చూడండి. ఏముందో చెప్పండి."

తనుశ్రీ మొదట వంగి చూసింది. "ఎర్రగా ఉంది మేడమ్. పిన్నులు కూడా వంగినాయి."

"అది కుంకుమ, గంధం. సోమవారం నేను పెట్టిన బొట్టు కారి లోపలికి పొయ్యింది. బుధవారం లోపల చూడకుండా ప్రాసెసర్ పెట్టి నొక్కి పిన్నులు వంచింది కూడా నేనే. మునిలక్ష్మి అక్క తప్పు ఏమీ లేదు. నేను ఆమెని మీ అందరి ముందర అడిగింది..."

"శశికళా, లోపలికి రా," అన్నాడు ద్వారకనాథ్.

"...అది తప్పు. ఆమె కారేది చూసి తుడవబోతే వద్దన్నది కూడా నేనే."

"లోపలికి రమ్మంటి కదా."

"వస్తాను సార్. చెప్పేది అయిపోనీండి." ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే మిగిలింది చెప్పలేనేమోనని భయం. "ఈ మాట నిన్ననే సారుకి చెప్పినాను. అయినా అక్క పేరు లిస్టులో లేదు."

గుణ ఒక్కడే మెల్లగా తల తిప్పి ద్వారకనాథ్‌ని చూశాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ చూశారు. పద్దెనిమిది జతల కళ్ళు ఒక్కసారి మీద పడేసరికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సరి సరి. తప్పులు ఎవరు చెయ్యరు? నీ సంగతి సోమవారం మాట్లాడుకుందాం. ముందు బోర్డు సంగతి చూడు. పొద్దున్నే ఎగ్జామినర్ వస్తాడు."

"నా చెయ్యి నిలవదు సార్. ఒక పిన్ను ఇంకా చెరిపినాను. ఈ పని ఇక్కడ చెయ్యగలిగేది ఒక్కరే."

ఎవరో చెప్పలేదు. మునిలక్ష్మి లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఊచ పట్టుకుంది, వచ్చి బల్ల ముందు కూర్చుంది. తన జాకెట్టుకు గుచ్చుకున్న పిన్నీసు వెనక నుంచి సన్నటి కుట్టుసూది తీసింది. మెత్తని బ్రష్షుని స్పిరిట్‌లో ముంచి, విదిలించి, ఎర్రదాన్ని పిన్నులు వాలిన వైపే తుడవసాగింది. ఎదురు తుడిస్తే ఇంకా వంగుతాయి. దూది ఎర్రబడింది, తర్వాత లేతగా, తర్వాత తెల్లగా వచ్చింది.

"లైటు," అంది తలెత్తకుండా.

శశికళ ఫోను లైటు వేసి పట్టుకుంది.

"ఆరు వంగినాయి," అంది మునిలక్ష్మి. "నాలుగు లేస్తాయి. రెండు కష్టం." సూది మొనని పిన్ను కింద పెట్టి, ఊపిరి బిగపట్టి, ఎత్తిందో లేదో తెలియనంత ఎత్తింది. పక్క వరస పిన్నుల మెరుపుతో పోల్చి చూసింది. మళ్ళీ ఎత్తింది. తనుశ్రీ ఉండబట్టలేక, "ఎట్లా తెలుస్తాది అక్కా, సరిగ్గా వచ్చిందని?" అంది.

"వరసంతా ఒకటే తీరున మెరవల్ల. ఒకటి మెరవలేదంటే అది ఇంకా వంగే ఉందని అర్థం. ఈ పక్క నుంచి చూడు." ఆ పిల్ల తల పక్కకి జరిపి తన భుజం మీదుగా చూడనిచ్చింది. వాళ్ళు ఒక్కొక్కరే వంగి చూశారు. శశికళ చెయ్యి నొప్పి పుట్టింది. ఇంకో చేతికి మార్చుకుంది. లైటు కదిలితే మునిలక్ష్మి ఆగిపోయి, నిలిచేదాకా చూసి, మళ్ళీ మొదలుపెట్టేది. తను క్లాసులో ఆరు నెలల్లో చెప్పలేని ఓపిక అది.

పన్నెండు దాటాక సూది కింద పెట్టింది. ప్రాసెసర్ అడుగు తుడిచి, దాని మూలనున్న చిన్న ముక్కోణం గుర్తుని సాకెట్టు గుర్తుకి సరిచూసి, జారవిడిచింది. నొక్కలేదు. లివరు దించింది. ఫ్యాను బిగించింది, వైర్లు గుచ్చింది.

ఫ్యాను తిరిగింది. తిరుగుతూనే ఉంది. చిన్నగా ఒక్క 'బీప్' వచ్చింది, తెర మీద తెల్ల అక్షరాలు పడ్డాయి.

అందరూ ఒక్కసారి గాలి వదిలారు. ద్వారకనాథ్ ముఖంలో రక్తం కదిలింది. "అదీ. అయిపోయింది కదా. అందరూ ప్రాక్టీసు మొదలుపెట్టండి," అంటూ గదిలోకి తిరగబోయాడు.

మునిలక్ష్మి స్విచ్చి ఆపింది. పవర్ వైరు ఊడదీసింది. ఫ్యాను నాలుగు కాళ్ళూ తిప్పి పైకెత్తింది. ఎందుకు విప్పుతోందో ఎవరికీ అర్థం కాలేదు. లివరు ఎత్తి, ప్రాసెసర్ని అంచులు పట్టుకొని తీసి, దాని ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, డబ్బీని గుప్పిట్లో మూసింది.

"సార్. నా పేరు."

"ఏంది?"

"లిస్టులో నా పేరు వేయించండి. పడినాక ఇది పెడతా."

"అది అంత సులభం కాదుమా. నేను చూస్తా లే, సాయంత్రం మాట్లాడి..."

"చూసేది కాదు సార్. ఇప్పుడే ఫోను చెయ్యండి. అందరి ముందర."

ద్వారకనాథ్ మెడ మీది నరం ఉబ్బింది. "శశికళా, తీసుకో ఆమె దగ్గర అది."

"నేను తీసుకోను సార్," అంది శశికళ.

ఆయన అబ్బాయిల వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. గుణ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. వెయ్యి చచ్చిన బోర్డులు మేకులకు కొట్టి పెట్టుకున్నా, రేపటి పరీక్షకు పనికొచ్చేది ఆ గుప్పిట్లో ఉందని అక్కడ అందరికీ తెలుసు. పరీక్ష జరగకపోతే సెంటరు గుర్తింపే పోతుంది. అది ఆయనకు ఇంకా బాగా తెలుసు.

ఫోను తీశాడు. మునిలక్ష్మి, "స్పీకర్లో," అంది. ఆయన తమిళంలో మాట్లాడాడు. పొరపాటున ఒక పేరు తీసేశామని, మళ్ళీ చేర్చాలని. అవతలివాడు విసుక్కున్నాడు, పేరు ఎందుకు తీశారు, ఎందుకు వేస్తున్నారు, కారణం రాయాలి కదా అన్నాడు.

"ఆయమ్మ చెయ్యని తప్పుకి తీసేసినాము," అన్నాడు ద్వారకనాథ్, నేల వైపు చూస్తూ. పేరు అడిగితే చెప్పాడు. తండ్రి పేరు అడిగితే తెలియక మునిలక్ష్మి వైపు చూశాడు.

"వెంకటముని," అంది ఆమె. ఆయన ఆ మాటను ఫోనులో తిరిగి పలికాడు.

పావుగంట పట్టింది. మెసేజి వచ్చిందని ఆయన ఫోను బల్ల మీద పెట్టాడు. మునిలక్ష్మి తమిళ అక్షరాల్లో ఉన్న తన పేరు, తండ్రి పేరు, నంబరు తీరిగ్గా చదువుకుంది. పక్కనున్న తనుశ్రీ చేత కూడా చదివించి విన్నది. తర్వాత గుప్పిట తెరిచి, ప్రాసెసర్ని మళ్ళీ దాని చోట పెట్టి లివరు దించింది.

ఆమె ఒక్కసారి తన వైపు చూస్తుందేమోనని శశికళ ఎదురుచూసింది. చూస్తే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది. మునిలక్ష్మి సూదిని తుడిచి పిన్నీసు వెనక గుచ్చుకుంటూ, "లైటు ఆపండి మేడమ్, బ్యాటరీ అయిపోతాది," అంది. కోపం ఆ గొంతులో అట్లాగే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు.

శశికళ లైటు ఆపింది.

మునిలక్ష్మి బోర్డుని పక్కవాళ్ళ వైపు జరిపి, "గుణా, మొదట నువ్వు. ఊచ పట్టుకొని రా," అంది.